చెరిపే గది

ముందు చేతి గడియారం తీసి బల్లమీద పెట్టాలి.
అది మొదటి పాఠం.
ఆ యంత్రం దగ్గరికి గడియారంతో వెళ్తే
కాలం అక్కడే ఆగిపోతుందని
ఎమ్రిస్ నవ్వకుండా చెప్పాడు.
వేళాకోళం కాదు. ఆగింది అతని పెళ్లినాటి గడియారమే.

కార్డిఫ్, డెబ్భై నాలుగు. స్టూడియో కింద నేలమాళిగ.
పైన దున్నపోతులంత కెమెరాలు,
వాటి తోకలు మోస్తూ వెనకాలే నడిచే కుర్రాళ్లు,
దీపాల వేడికి వార్తలు చదివే ఆయన మెడమీద కరిగే పౌడరు.
అవన్నీ రెండంగుళాల టేపులోకి దిగి
డబ్బాల్లో నా దగ్గరికొచ్చేవి.
డబ్బామీద చీటీ. చీటీలో కొట్టేసిన పేర్లు,
అద్దెకుండి వెళ్లిపోయినవాళ్ల పేర్లలా
ఒకదానికింద ఒకటి.

ఒక టేపు ఖరీదు దాదాపు నా నెల జీతం.
నిన్న ప్రసారమైపోయిన నాటకం ఖరీదు సున్నా.
ఆఫీసువాళ్ల లెక్క సరిపోయింది.
ఆ లెక్కలో నేనూ సరిపోయాను.

రీలు పెట్టి మీట నొక్కితే
తేనెపట్టు రేగినట్టు నేలమాళిగంతా రొద.
నెమ్మదిగా తిప్పాలి. నెమ్మదిగా దూరం జరపాలి.
తొందరపడితే మచ్చ మిగులుతుంది.
అలికినట్టు చెరపాలి, చెయ్యి ఆనవాలు కనపడకుండా.
రోజుకి నలభై.
నాటకాలు, రగ్బీ, చేపల కూర చేసే విధానం,
ఒక బొగ్గుగని మూతపడ్డ రాత్రి.

ఒక్కటి మాత్రం చెరిపేముందు చూశాను.
చూడకూడదు, కానీ ఆరోజు యంత్రం ఖాళీగా ఉంది.
గ్లెనిస్ ప్రోబర్ట్, పిల్లలకి కథలు, బుధవారం నాలుగున్నర.
నక్క నది దాకా వచ్చింది. అక్కడ ఆమె కథ మరిచిపోయింది.
ఒక క్షణం. రెండు.
అప్పుడామె సూటిగా కెమెరాలోకి చూసి
"తర్వాతేమైందో నీకు తెలుసు కదూ?" అంది.
కెమెరా తలాడించింది.
నిజంగానే! వెనకనున్న ఇడ్వాల్ దాన్ని పట్టుకుని
పైకీ కిందికీ ఊపాడు.
గోడలూ, కుర్చీ, గ్లెనిసూ, బొమ్మ నదీ అన్నీ
ఔనౌనని ఊగాయి.
ఆమె పకపకా నవ్వింది. నక్క నది దాటింది.

టేపు వెనక్కి చుట్టి
చెరిపేశాను.
మర్నాడు దానిమీద మునిసిపల్ బడ్జెట్ చర్చ ఎక్కింది.

తర్వాత టేపు సన్నబడింది, అంగుళమైంది,
అరచేతిలో ఇమిడే క్యాసెట్టైంది,
ఆ తర్వాత అసలు వస్తువే కాకుండా పోయింది.
స్టూడియో కూల్చి ఫ్లాట్లు కట్టారు.
ఇప్పుడు వార్తల గదిలో కెమెరాలు
పట్టాలమీద వాటంతటవే జరుగుతాయట.
ఎవరైనా కథ మరిచిపోతే
తలాడించడానికి వెనక ఎవరూ లేరు.

డెబ్భై దాటాక, వారానికి రెండ్రోజులు
స్వాన్సీలో ఒక లైబ్రరీ వెనక గదిలో కూర్చుంటాను.
జనం అటకలమీంచి పాత టేపులు తెస్తారు.
జిగురెక్కిపోయి ఉంటాయి.
ఏభై డిగ్రీల పొయ్యిలో పెట్టి
వడియాల్లా రాత్రంతా ఎండబెడతాం.
చెరిపిన చేతులతోనే. ఎవరికీ చెప్పలేదు.

పోయిన మార్చిలో ఒక డబ్బా వచ్చింది.
చీటీమీద నా చేతిరాత. బుధవారం నాలుగున్నర, కొట్టేసి.
ఎండబెట్టాం. ఎక్కించాం.
బడ్జెట్ చర్చ. మురుగుకాలవలు. ఒకాయన దగ్గు.
చర్చ అయిపోయింది, టేపు ఇంకా మిగిలుంది.
బొమ్మ లేదు. శబ్దం మాత్రం, రీలు తిరిగిన ప్రతిసారీ ఒక్కటి:
దడ్.
దడ్.
"ఇదేం లోపం? ఏమని రాయను?" అంది టామ్సిన్,
పెన్సిల్ పట్టుకుని.
ఎవరో తొందరగా చెయ్యి తీసేశారన్నాను.
రాసుకుంది.
టైమెంతైందో చూద్దామని మణికట్టు తిప్పాను, ఖాళీ.
గడియారం బల్లమీదుంది.
ఎప్పుడు తీశానో గుర్తులేదు.